డాబా మీద ఆల్టిమీటర్: దిగే విమానం ఎత్తు ఎలా తప్పుతుంది?

నమస్కారమండి. అమలాపురం పక్కన మా ఇంటి అరుగు ఇది. విమానం, నేల మీంచి దారి చెప్పే కంట్రోలర్ ఇచ్చిన ఎత్తులో ఉండకుండా పైకో కిందికో జారిపోవడాన్ని లెవెల్ బస్ట్ అంటారు. అదెలా జరుగుతుందో ఇవాళ చూద్దాం.

ఫోన్లో బారోమీటర్ యాప్, అంటే గాలి పీడనం కొలిచేది, తెరిచాను. అన్ని ఫోన్లలో ఈ సెన్సర్ ఉండదు, ఇది మా తమ్ముడి ఫోన్. అంకె చూడండి, 1002.8 హెక్టోపాస్కల్. ఇప్పుడు మెట్లెక్కుతున్నా... ఆ ఆయాసం నాదే, పట్టించుకోకండి... డాబా మీద 1002.0. రెండంతస్తులకి 0.8 తగ్గింది.

విమానంలో ఎత్తు చూపే డయల్, అంటే ఆల్టిమీటర్, చేసేదీ ఇదే. దానికి నేల కనబడదు. బయట గాలి పీడనం ఎంతుందో చూసి, అడుగుల్లోకి మార్చి చెబుతుంది. లెక్క ఎక్కడ మొదలెట్టాలో పైలట్ నాబ్ తిప్పి చెప్పాలి. బాగా పైన ఎగిరేటప్పుడు అందరూ ప్రామాణిక పీడనం 1013 పెట్టుకుంటారు. అందరిదీ ఒకే తప్పు కాబట్టి ఎవరికీ గొడవ లేదు. దిగేటప్పుడు ట్రాన్సిషన్ లెవెల్ అనే నిర్ణీత ఎత్తు దగ్గర ఆ ఊరి అంకెకి మార్చాలి. అదే క్యూఎన్‌హెచ్, అంటే సముద్రమట్టానికి లెక్కగట్టిన ఆ ఊరి గాలి పీడనం. కోనసీమ ఇంచుమించు సముద్రమట్టానికే ఉంది కదా, అందుకని అరుగు మీద చూసిన అంకే దాదాపు మన క్యూఎన్‌హెచ్.

టెన్షన్లో పైలట్ మార్చడం మర్చిపోయాడనుకోండి. 1013 లోంచి మన అంకె, సుమారు 1003, తీస్తే 10. ఒక్కో హెక్టోపాస్కల్‌కి సుమారు 27 అడుగులు. డయల్ 3000 చూపిస్తుంటే విమానం ఉండేది 2730 దగ్గర. నాలుగు కొబ్బరిచెట్లు ఒకదాని మీద ఒకటి నిలబెట్టినంత తేడా అండి! బంగాళాఖాతంలో వాయుగుండం పడితే ఇంకా ఎక్కువ. డయల్‌లో మాత్రం అంతా సవ్యంగానే ఉంటుంది. నాకు భయం వేసేది అక్కడే.

సెట్టింగ్ సరిగ్గానే ఉన్నా, ఆగాల్సిన చోట ఆగకపోవడం ఇంకో రకం. 1996 నవంబర్ 6 అంటే కోనసీమలో ఎవరికీ చెప్పక్కర్లేదు, తుపాను. మనం ఇంకా ఆ దుఃఖంలో ఉండగానే, 12న సాయంత్రం హర్యానాలో చర్ఖీ దాద్రీ ప్రమాదం. ఢిల్లీకి దిగుతున్న కజకిస్తాన్ విమానం 15,000 అడుగుల దగ్గర ఆగాలి. ఎక్కుతున్న సౌదీ విమానానికి 14,000 ఇచ్చారు. దిగేది ఆగలేదు, రెండూ ఢీకొన్నాయి. 349 మంది పోయారు. కజక్ విమానంలో కంట్రోలర్‌తో మాట్లాడేది రేడియో ఆపరేటర్. ఆయన ముందు ఆల్టిమీటర్ లేదు, పైలట్ల భుజాల మీంచి తొంగి చూడాల్సిందే. కంట్రోలర్ రాడార్లోనూ ఎత్తు కనిపించేది కాదు. ఆ తర్వాతే మన దేశంలో టీకాస్ తప్పనిసరైంది. మరీ దగ్గరికి ఇంకో విమానం వస్తే ఎక్కమనో దిగమనో అదే అరుస్తుంది. ఇంకా వెయ్యి అడుగులుందనగానే పైలట్లలో ఒకరు పైకి చెప్పడం, రెండోవారు డయల్ చూసి అవుననడం కూడా ఇప్పుడు మామూలే.

గాలి పెరిగింది, మైకులో వినబడుతోందా? దిగిపోతున్నా. ఇదిగో మళ్లీ అరుగు, ఇందాకటి చోటే ఫోన్ పెట్టాను. 1002.4. అరుగు కదల్లేదు గానీ, ఫోన్ లెక్కలో పది అడుగులు పైకి లేచిందన్నమాట.