ట్రస్టు రాయించారు సరే, ఇల్లు అందులో ఉందా?

అందరికీ నమస్తే. శనివారం పొద్దున్న, కాలిఫోర్నియాలోని ఫ్రీమాంట్. డైనింగ్ టేబుల్ మీద కాఫీ పక్కన ఇవాళ ఈ ఫోల్డర్ ఉంది. లివింగ్ ట్రస్టు (బతికుండగానే ఆస్తిని వారసుల కోసం ట్రస్టు కింద పెట్టుకునే పత్రం), వీలునామా, ఇంటి డీడ్ (ఇల్లు ఎవరి పేరు మీదుందో చెప్పే దస్తావేజు), ఇన్సూరెన్స్ కాగితాలు, ఊళ్ళో స్థలం తాలూకు జిరాక్సులు. పిల్లలు నిద్ర లేచేలోపు ఒక్కొక్కటే తెరిచి చూద్దాం రండి.

ముందు ఇంటి సంగతి. కాలిఫోర్నియాలో 15 లక్షల డాలర్ల ఇల్లు సొంత పేర్ల మీదే ఉండిపోయి, దంపతుల్లో రెండోవారు కూడా పోయారనుకోండి. వీలునామా ఉన్నా సరే, పిల్లలు ప్రొబేట్ కోర్టుకు, అంటే పోయినవారి ఆస్తిని వారసులకు అప్పగించే కోర్టుకు, వెళ్ళాల్సిందే. లాయరు ఫీజు చట్టంలోనే రాసుంది: మొదటి లక్ష మీద 4 శాతం, రెండో లక్ష మీద 3, ఆ తర్వాతి 8 లక్షల మీద 2, పది లక్షలు దాటాక 1. మొత్తం 28,000 డాలర్లు. ఎగ్జిక్యూటరు, అంటే వీలునామాను అమలు చేసేవారు, కూడా అంతే తీసుకోవచ్చు, అప్పుడు 56,000. ఇంటి మీద 11 లక్షల లోను ఉందన్నా తగ్గించరు, పూర్తి విలువ మీదే లెక్క కడతారు. ట్రస్టులో ఉన్న ఇంటికి ఈ ప్రొబేట్ అక్కర్లేదు, లివింగ్ ట్రస్టు రాయించేది ఇందుకే.

చాలామంది లాయరు దగ్గర సంతకాలు పెట్టి, అందమైన బైండరు తెచ్చి బీరువాలో పెట్టేస్తారు. ట్రస్టు పత్రం మీద సంతకం పెడితే ఇల్లు ట్రస్టులోకి వెళ్ళిపోదండీ. ట్రస్టును నడిపే ట్రస్టీల (మామూలుగా మీరే) పేరు మీద కొత్త డీడ్ రాసి, నోటరీ చేయించి, కౌంటీ రికార్డర్ ఆఫీసులో రికార్డు చేయించాలి. దానితోపాటు యాజమాన్య మార్పు రిపోర్టు ఫారం కూడా ఇవ్వాలి. మీ సొంత రివోకబుల్ (ఎప్పుడైనా రద్దు చేసుకోగల) ట్రస్టులోకే మారుస్తున్నారు కాబట్టి ప్రాపర్టీ ట్యాక్సు కోసం ఇంటి విలువ మళ్ళీ కట్టరు. మీరుంటున్న ఇల్లే అయితే, ఇలా మార్చారని లోనంతా ఒకేసారి కట్టమనే హక్కు కూడా బ్యాంకుకు లేదు, 1982 నాటి గార్న్ సెయింట్ జర్మేన్ చట్టం దానికి అడ్డు. అసలు ప్రమాదం రీఫైనాన్సు దగ్గర, అంటే పాత లోను తీర్చి కొత్త లోను తీసుకునేటప్పుడు. ఇల్లు ట్రస్టులోంచి తీసి మీ పేరు మీద పెట్టమని కొందరు లెండర్లు అడుగుతారు. లోను క్లోజయ్యాక తిరిగి పెట్టడం గుర్తుండదు. రీఫైనాన్సు చేసినవాళ్ళు మీ డీడ్ మీద ఎవరి పేరుందో ఈ వారమే చూసుకోండి.

ఇదిగో, లైఫ్ ఇన్సూరెన్సు ఫారం. ఈ డబ్బు వీలునామా మాట వినదు, ఫారంలో ఎవరి పేరుంటే వాళ్ళకే వెళ్తుంది. పెళ్ళికి ముందు నాన్నగారి పేరు రాసి మర్చిపోయినవి ఎన్నో. ఉద్యోగం మారిన ప్రతిసారీ కొత్త ఫారం వస్తుంది, రెండో బెనిఫిషియరీ (మొదటివారు లేకపోతే డబ్బు అందుకునేవారు) గడి ఖాళీగానే పోతుంది. అక్కడ మైనరు పిల్లల పేరు నేరుగా రాయకండి. కంపెనీ పిల్లల చేతికి డబ్బివ్వదు, కోర్టు చుట్టూ తిరగాల్సి వస్తుంది. ట్రస్టు పేరు, తేదీతో సహా రాయండి.

మీరిద్దరూ లేకపోతే మైనరు పిల్లల్ని చూసుకునే గార్డియన్ పేరు రాయాల్సింది వీలునామాలో. చాలామంది అమ్మమ్మ, తాతయ్యల పేర్లు రాస్తారు. ప్రేమకు లోటు లేదు, కానీ వాళ్ళు విమానమెక్కి వచ్చేదాకా ఆ రాత్రి పిల్లలు ఎవరింట్లో ఉంటారు? వాళ్ళకు విజిటర్ వీసాయే ఉంటే ఇక్కడ ఎన్నాళ్ళు ఉండగలరు? అందుకే దగ్గర్లో ఉన్న ఒక కుటుంబాన్ని అడిగి, ఒప్పించి, తాత్కాలిక గార్డియన్లుగా వాళ్ళ పేర్లు కూడా రాయండి.

ఇక ఊళ్ళో ఆస్తి. అమెరికా వీలునామాలో మొదటి పేరా చదవండి: ఇంతకుముందు రాసిన వీలునామాలన్నీ రద్దు అని ఉంటుంది. ఆ ఒక్క వాక్యంతో గుంటూరు స్థలానికి రాసుకున్న వీలునామా కూడా పోవచ్చు. రెండు దేశాలకూ విడివిడిగా రాసుకోండి. ఏది ఏ దేశపు ఆస్తికి వర్తిస్తుందో, రెండోదాన్ని రద్దు చేయడం లేదని రెండింట్లోనూ స్పష్టంగా రాయించండి.

అసలు వీలునామాయే లేకపోతే? హిందూ వారసత్వ చట్టం, 1956 ప్రకారం భర్త పోతే ఆయన స్వార్జితం భార్యకు, పిల్లలకు, ఆయన తల్లికి సమానంగా వెళ్తుంది. అంతా భార్యకే వస్తుందనుకునేవాళ్ళకు ఇది తెలియాలి. ఆ వరుసలో తండ్రి లేడు. ఊళ్ళో వ్యవహారాలు చూడమని తమ్ముడికిచ్చిన జీపీఏ (మన తరఫున సంతకాలు పెట్టే అధికారపత్రం) కూడా, ఇచ్చినవాళ్ళు పోయిన రోజుతోనే చెల్లకుండా పోతుంది.

ఇండియా వీలునామాకు ఇద్దరు సాక్షులు కావాలి. రాసినవారు సంతకం పెట్టడం సాక్షులు చూడాలి, లేదా ఇది నా సంతకమే అని రాసినవారే వాళ్ళకు చెప్పాలి; ఆ తర్వాత రాసినవారి ఎదుటే సాక్షులు సంతకాలు చేయాలి. నోటరీ ముద్ర ఉందని సాక్షుల్ని వదిలేయకండి. రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు, స్టాంపు డ్యూటీ లేదు. కానీ రేపు ఎవరైనా కాదంటే, బతికున్న సాక్షి ఒకరు కోర్టుకొచ్చి చెప్పాలి. ఇద్దరూ ఫ్రీమాంట్ పొరుగువాళ్ళే అయితే గుంటూరు కోర్టుకు ఎవరొస్తారు? సంక్రాంతికి వెళ్ళినప్పుడు అక్కడే రాసి, మీకన్నా చిన్నవాళ్ళు, ఊళ్ళో స్థిరంగా ఉండేవాళ్ళు ఇద్దరిచేత సంతకాలు పెట్టించి, సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో రిజిస్టర్ చేయించుకుని రండి.