‘విస్తృతంగా’ అనే ఒక్క మాటతో సరిపెట్టకండి

సభకు నమస్కారం. వేదిక మీది పెద్దలందరినీ అధ్యక్షులు ఇప్పటికే పేరుపేరునా పలకరించారు కాబట్టి నేరుగా విషయంలోకి వస్తాను.

ఇంగ్లీషులో వైడ్లీ, బ్రాడ్లీ, ఎక్స్‌టెన్సివ్లీ, లార్జ్లీ అని నాలుగు క్రియావిశేషణాలున్నాయి. వాటిలో ఏది ఎదురైనా అనువాదకుల చెయ్యి ‘విస్తృతంగా’ మీదికే పోతుంది. నా ఫిర్యాదు ఆ ఒక్క మాట మీదే.

ఒక నివేదిక ‘వైడ్లీ డిస్కస్డ్’ అంటే దాని గురించి చాలామంది, చాలాచోట్ల మాట్లాడుకున్నారని. ఒక్కొక్కరూ రెండు నిమిషాలే మాట్లాడి ఉండొచ్చు. ‘ఎక్స్‌టెన్సివ్లీ డిస్కస్డ్’ అంటే ముగ్గురే కూర్చున్నా సరే, పేజీ పేజీ తిరగేసి కూలంకషంగా చర్చించారని. మొదటిది ఎంతమంది, ఎన్నిచోట్ల అన్న లెక్క. రెండోది ఎంత పని జరిగింది అన్న లెక్క. రెండింటికీ ‘విస్తృతంగా చర్చించారు’ అని రాస్తే చదివేవాళ్లకు ఏం తెలిసినట్టు? కూలంకషంగా, క్షుణ్ణంగా, విరివిగా, చాలావరకు, స్థూలంగా... ఇన్ని మాటలు మనకుండగా వాటిని ఎందుకు మూలన పెట్టాం?

స్థూలంగా అన్నాను కదా, బ్రాడ్లీకి సరైన మాట అదే. ‘వియ్ బ్రాడ్లీ అగ్రీ’ అంటే ముఖ్యాంశాల్లో ఒప్పుకున్నాం, వివరాల్లో తేడాలు మిగిలే ఉన్నాయి అని. ‘ఇట్ ఈజ్ వైడ్లీ అగ్రీడ్’ అంటే ఒప్పుకునేవాళ్లు చాలామంది ఉన్నారని. ఒప్పందాల పత్రాలు అనువదించేవాళ్లు ఇక్కడ దయచేసి ఆగి చూడండి. బ్రాడ్లీని ‘విస్తృతంగా అంగీకరించారు’ అని రాస్తే, తేలాల్సిన పేచీలన్నీ తేలిపోయినట్టు కనిపిస్తుంది.

లార్జ్లీ ఇంకో రకం ఉచ్చు. అందులో లార్జ్ కనిపిస్తుంది కాబట్టి ‘పెద్ద ఎత్తున’ అనుకుంటాం. దాని అర్థం ‘చాలావరకు’. పని ‘లార్జ్లీ కంప్లీట్’ అంటే కొంత మిగిలే ఉందని. ‘బాగా మెరుగుపడింది’ అనాలనుకుని ‘లార్జ్లీ ఇంప్రూవ్డ్’ అని రాస్తుంటారు. అక్కడ ఉండాల్సింది గ్రేట్లీ. పాతదానితో పోల్చి ‘ఎంతో మెరుగు’ అనాలంటే వాస్ట్లీ కూడా నప్పుతుంది.

మళ్లీ వైడ్లీ దగ్గరికే వస్తాను, చిక్కులన్నీ అక్కడే ఉన్నాయి. ‘వైడ్లీ రెడ్’ అని రచయిత్రి గురించి అంటే ఆమె రాసింది చాలామంది చదువుతారని. పాఠకుడి గురించి అంటే అతను ఎన్నో విషయాలు చదివినవాడని. ‘ఒపీనియన్స్ డిఫర్ వైడ్లీ’లో మనుషుల లెక్క అసలు లేదు, అభిప్రాయాల మధ్య దూరం ఎక్కువ అనే అర్థం. తలుపు బార్లా తెరిచి ఉంటే ‘వైడ్ ఓపెన్’ అనాలి, ‘వైడ్లీ ఓపెన్’ అనకూడదు. వైడ్‌స్ప్రెడ్ విశేషణం. దానికి లీ తగిలించి క్రియావిశేషణం చెయ్యకండి, ఆ పని వైడ్లీయే చేస్తుంది.

వాక్యంలో స్థానం కూడా చూసుకోవాలి. ‘హి వైడ్లీ ట్రావెల్డ్’ కుదరదు. ‘హి హాజ్ ట్రావెల్డ్ వైడ్లీ’ అని క్రియ తర్వాత రావాలి. కర్మణి వాక్యంలో మాత్రం ‘ఈజ్ వైడ్లీ యూజ్డ్’ అని మధ్యలో కూర్చుంటుంది.

ఒక్క వాక్యం రాసుకోండి. ‘ది డ్రగ్ ఈజ్ వైడ్లీ యూజ్డ్ బట్ హాజ్ నాట్ బీన్ ఎక్స్‌టెన్సివ్లీ టెస్టెడ్.’ అలవాటు చొప్పున రాస్తే, ‘ఈ మందును విస్తృతంగా వాడుతున్నారు కానీ విస్తృతంగా పరీక్షించలేదు’ అవుతుంది. పరీక్షలు చేసిన చోట్లు తక్కువనా, చేసిన పరీక్షలే తక్కువనా? ఇలా రాసి చూడండి: ‘ఈ మందును చాలాచోట్ల వాడుతున్నారు. క్షుణ్ణంగా మాత్రం పరీక్షించలేదు.’