ఫుట్‌బాల్ లిల్లీ: బెజవాడ, గుంటూరు డాబాల మీద పెంచొచ్చా? పూర్తి రివ్యూ

అందరికీ నమస్కారం. ముందు ఈ కుండీ చూడండి. సంక్రాంతి నుంచి దీంట్లో ఎండిన మట్టి తప్ప ఏమీ కనపడలేదు. ఇప్పుడు మే నెల, రెండు వేసవి జల్లులు పడ్డాయి, మట్టిని చీల్చుకుని ఒక లావుపాటి కాడ లేచింది. ఇంకో వారంలో దీని కొసన జానెడు వెడల్పున ఎర్రటి పూబంతి విచ్చుకుంటుంది. ఇవాళ్టి రివ్యూ ఈ ఫుట్‌బాల్ లిల్లీ గురించే.

కొనేటప్పుడు పేరు దగ్గరే మొదటి తికమక. నర్సరీలో దీన్ని మే ఫ్లవర్ అంటారు. తురాయి చెట్టునీ అదే పేరుతో పిలుస్తారు, కాబట్టి దుంప మొక్క కావాలని విడమరిచి అడగండి. ఫైర్‌బాల్ లిల్లీ, బ్లడ్ లిల్లీ అన్నా ఇదే. చీటీ మీద హీమాంథస్ అని ఉంటే కంగారు పడకండి, అది పాత పేరు. 1795లో థామస్ మార్టిన్ అనే వృక్షశాస్త్రజ్ఞుడు దీనికి హీమాంథస్ మల్టీఫ్లోరస్ అని పేరు పెట్టాడు. 1838లో రాఫినెస్క్ దీన్ని స్కాడాక్సస్ అనే ప్రజాతిలోకి, అంటే దగ్గరి పోలికలున్న మొక్కల గుంపులోకి, మార్చాడు. 1976లో ఫ్రీస్, నార్డాల్ అనే వృక్షశాస్త్రజ్ఞులు ఈ రెండు ప్రజాతుల్నీ స్పష్టంగా విడదీశారు. హీమాంథస్‌లో క్రోమోజోములు 16, దీంట్లో 18. హీమాంథస్ ఆకులు దళసరిగా, ఎదురెదురుగా రెండు వరసల్లో వస్తాయి. దీని ఆకులు పలచన, మధ్యలో ఈనె ఉంటుంది, కింద కాడ ఉంటుంది. ఆ ఆకు కాడల మొదళ్లు ఒకదాన్నొకటి చుట్టుకుని కాండంలా నిలబడతాయి, అరటిబోదె తీరుగా.

ఇక పువ్వు. దూరం నుంచి ఒకటే పువ్వు అనిపిస్తుంది. దగ్గరికి రండి. ఒకే చోటు నుంచి గొడుగు పుల్లల్లా సన్నటి కాడలు బయలుదేరాయి, ఒక్కో కాడకు ఒక్కో పువ్వు. దీన్నే గుచ్ఛం అంటాం. బాగా బలిసిన దుంపకు ఒకే గుచ్ఛంలో 200 పూల దాకా వస్తాయి. ఒక పువ్వును తుంచి చూస్తే ఆరు సన్నటి రేకులు, ఆరు కేసరాలు, వాటి కొసన పసుపు పుప్పొడి. బంతికి ఆ ముళ్లముళ్ల అందం తెచ్చేది ముఖ్యంగా బయటికి పొడుచుకొచ్చిన ఈ కేసరాలే. అండాశయం ఎక్కడుందో చూడండి, రేకుల కింద ఉంది. అసలైన లిల్లీలకు రేకుల పైన ఉంటుంది. అంటే పేరులోనే లిల్లీ, కుటుంబం మాత్రం అమరిల్లిడేసి. ఇప్పటి వర్గీకరణలో మన ఉల్లి, వెల్లుల్లి కూడా ఆ కుటుంబానివే.

ఉల్లిపాయను నిలువుగా కోస్తే అడుగున గట్టి బిళ్ల కనపడుతుంది కదా, అసలు కాండం అదే. పైన పొరలన్నీ ఆహారం దాచుకున్న ఆకు మొదళ్లు. ఫుట్‌బాల్ లిల్లీ దుంప కట్టుబడీ అదే. కాకపోతే దీని వేర్లు లావుగా, కండపట్టి ఉంటాయి, పైన ఆకులెండి మొక్క నిద్రపోయినా బతికే ఉంటాయి. అందుకే వేర్లు మొదలంటా కోసేసిన దుంప కొనవద్దు. అది మళ్లీ వేరు పోసుకోవడానికే ఒక సీజన్ పోతుంది. కడియం నుంచి వచ్చే దుంపలైనా, మీ వీధిలోని నర్సరీవైనా ఒకటే పరీక్ష: అడుగు బిళ్లను బొటనవేలితో నొక్కండి. గట్టిగా ఉండాలి. మెత్తగా దిగినా, పులిసిన వాసన వచ్చినా పక్కన పెట్టేయండి. అడ్డంగా 5 సెంటీమీటర్లయినా ఉన్నదాన్ని తీసుకోండి. నిమ్మకాయంత దుంప ఆ ఏడాది చాలావరకు ఆకుతోనే సరిపెడుతుంది.

నాటడానికి జనవరి నుంచి మార్చి దాకా మంచి అదను. 8 నుంచి 10 అంగుళాల కుండీ చాలు. మరీ పెద్దదైతే మట్టి త్వరగా ఆరదు. ఎర్రమట్టి రెండు పాళ్లు, ఇసుక ఒక పాలు, వర్మీకంపోస్టు ఒక పాలు, గుప్పెడు వేపపిండి. గుంటూరు వైపు చుట్టూ నల్లరేగడే, ఇంటి ముందు తవ్వి కుండీలో నింపేస్తుంటారు. ఈ మొక్కకు అది పనికిరాదు. నీళ్లు పట్టి ఉంచుతుంది, ఎండితే బిగుసుకుని నెర్రెలిస్తుంది, లోపలి వేర్లు తెగుతాయి. దుంప మెడ మట్టి పైకి కాస్త కనపడేలా నాటండి. మెడ దాకా కప్పేస్తే తడి అక్కడ నిలిచి కుళ్లు మొదలవుతుంది.

రోళ్లు పగిలే రోహిణి కార్తెలో ఇది బతుకుతుందా అని చాలామంది అడుగుతారు. బతుకుతుంది. దీని సొంత ఊరు సహారాకు దిగువన ఉన్న ఆఫ్రికా, ఎండాకాలం ముగిసి వాన పడగానే లేవడం దానికి పుట్టుకతో వచ్చిన అలవాటు. దుంపకు ఎండ భయం లేదు, ఆకుకు ఉంది. పొద్దుటి ఎండ మూడు నాలుగు గంటలు తగిలే తూర్పు బాల్కనీ దీనికి సరైన చోటు. పడమటి ఎండలో పెడితే ఆకు అంచులు మాడతాయి. ఏసీ బయటి యూనిట్ వేడిగాలి తగిలే చోటైతే ఇంకా త్వరగా మాడతాయి. డాబా మీద నల్ల ప్లాస్టిక్ కుండీని నేరుగా స్లాబు మీద పెట్టకండి, కింద రెండు ఇటుకలు వేయండి. బంతి విచ్చుకున్న రోజే కుండీని నీడకు మార్చండి. నీడలో వారం పది రోజులు నిలుస్తుంది, ఎండలో అంతకంటే చాలా ముందే వెలిసిపోతుంది.

ఏడాదికి ఒక్కసారి, అదీ పది రోజులు. పూల కోసమే పెంచేవాళ్లు ఈ మాట ముందే తెలుసుకోవాలి. రోజూ జడలోకో దేవుడికో పూలు కావాలంటే నేల సంపెంగ నాటుకోండి. కానీ పువ్వు రాలాక నవంబరు దాకా నిలిచే ఆ పచ్చటి ఆకుల గుబురు కూడా అందమే. వచ్చే ఏటి పువ్వుకు ఆహారం వండేదీ ఆ ఆకులే. జూన్ నుంచి సెప్టెంబరు దాకా పైన అంగుళం మట్టి ఆరినప్పుడల్లా నీళ్లు పోయండి. మిర్చికి వాడే 19-19-19 ఎరువు పొడి లీటరు నీటికి 2 గ్రాములు కలిపి ఇరవై రోజులకోసారి ఇస్తే చాలు. ఒట్టి యూరియా వేస్తే ఆకు ఏపుగా వస్తుంది, దుంప ఊరదు.

అసలు చిక్కంతా అక్టోబరు తరవాత. ఆకులు పసుపు తిరుగుతాయి. మొక్క చచ్చిపోతోందనుకుని ఇంకా నీళ్లు పోస్తారు. అది నిద్రకు సిద్ధమవుతోంది. ఆకులు వాటంతట అవి ఎండేదాకా కోయకండి, వాటిలోని సారం దుంపలోకి దిగుతూ ఉంటుంది. నీళ్లు తగ్గిస్తూ నవంబరు చివరికి పూర్తిగా ఆపేయండి. మన కోస్తాలో ఇంకో ప్రమాదం ఉంది: సరిగ్గా ఆ రోజుల్లోనే తుపాను వానలు. నిద్రపోయే దుంప నీళ్లు తాగదు, కుండీలో తడి అలాగే నిలిచి అడుగు బిళ్ల కుళ్లిపోతుంది. మేలో మొలక రాక తవ్వి చూస్తే లోపల జావ. కాబట్టి తుపాను హెచ్చరిక వినగానే కుండీని మెట్ల కిందకో వరండాలోకో చేర్చండి. ఏప్రిల్ చివర్లో ఒక గ్లాసు నీళ్లు పోసి, మొలక కనపడేదాకా వారానికోసారి అంతే ఇవ్వండి.

దుంప గట్టిగానే ఉంది, పువ్వు మాత్రం రాలేదంటే కారణాలు మూడు: ఏటేటా కుండీ మార్చి వేర్లు కదిలించడం, బాగా చీకటి మూల, పోయిన ఏడాది పచ్చి ఆకులు కోసేయడం. మూడు నాలుగేళ్లకోసారి మాత్రమే కుండీ మార్చండి.

పురుగుల్లో పిండినల్లి ఆకు మొదళ్లలో దాక్కుంటుంది. లీటరు నీటికి 5 మిల్లీలీటర్ల వేపనూనె, నాలుగు చుక్కల సబ్బు ద్రావణం కలిపి సాయంత్రం కొట్టండి. నల్లటి ఒంటి మీద తెల్ల మచ్చలున్న లిల్లీ గొంగళి దానికంటే చేటు, ఆకును వేగంగా మేసేస్తుంది. అది కనపడితే మందు కోసం వెతకకుండా వెంటనే ఏరేయండి.

పిల్లలూ పెంపుడు జంతువులూ ఉన్న ఇళ్లవాళ్లు ఇది తప్పక వినాలి. ఈ మొక్క విషం. దీంట్లో లైకోరిన్ లాంటి ఆల్కలాయిడ్లు, అంటే మొక్క తయారుచేసుకునే ఘాటు రసాయనాలు, ఉంటాయి, తింటే వాంతులవుతాయి. ఆఫ్రికాలో దీన్ని బాణాలకు పూసే విషంగా, చేపల్ని మత్తెక్కించి పట్టడానికి వాడారు. తవ్వి తీసిన దుంపను వంటింట్లో ఉల్లిపాయల బుట్ట దగ్గర పొరపాటున కూడా పెట్టకండి. చూడ్డానికి అలాగే ఉంటుంది. జిగురు తగిలితే దురద పుట్టొచ్చు, దుంపలు విడదీసేటప్పుడు చేతికి తొడుగు వేసుకోండి.

కొన్నిసార్లు పువ్వు రాలాక కాడ మీద ఆకుపచ్చ కాయలు నిలిచి, పండి ఎర్రబడతాయి. వాటిని కూడా పిల్లలకు అందనీయొద్దు. విత్తనం కావాలంటే తొడుగు వేసుకుని పండు గుజ్జు కడిగేసి, ఆరబెట్టకుండా తడి ఇసుక మీద అదిమి పెట్టండి, పైన మట్టి కప్పకండి. దాచి ఎండబెట్టిన విత్తనం మొలవదు. విత్తనం నుంచి పువ్వు చూడాలంటే మూడేళ్లకు పైనే ఆగాలి. తల్లి దుంప పక్కన వచ్చే పిల్ల దుంపలు దానికంటే త్వరగా పూతకొస్తాయి, వాటిని ఫిబ్రవరిలో, మొక్క నిద్రలో ఉండగా, వేర్లతో సహా విడదీయండి.