గోల్కొండ పుదుచ్చేరిలో ఉంది

కిరణ్: అందరికీ నమస్తే. పోయిన వారం చెప్పినట్టే ఈసారి వసంతక్క ప్రాణం పెట్టే మూడు సంగతులు. ఒక భవనం, ఒక అక్షరం, ఒక ట్యూన్. తలా పది నిమిషాలు. గడియారం నా దగ్గరుంది అక్కా.

వసంత: తిరుపతి ఎపిసోడ్‌కి కూడా నీ దగ్గరే ఉంది.

కిరణ్: [నవ్వు] దాని గురించి మాట్లాడుకోవద్దనుకున్నాం కదా!

వసంత: సరే, భవనం. పుదుచ్చేరిలో అరవింద ఆశ్రమం వాళ్ల గోల్కొండ. సాధకులు ఉండే వసతి గృహం. 1937లో కట్టడం మొదలుపెట్టారు. మన దేశంలో కాంక్రీటుని ఏ ముసుగూ లేకుండా, కాంక్రీటుగానే చూపించిన తొలి భవనాల్లో అదొకటి. గీసింది ఆంటొనిన్ రేమండ్. పుట్టింది చెక్ దేశంలో, క్లాద్నోలో. అమెరికన్ ఆర్కిటెక్టు ఫ్రాంక్ లాయిడ్ రైట్ వెంట ఇంపీరియల్ హోటల్ పని మీద టోక్యో వెళ్లి, అక్కడే సొంత ఆఫీసు పెట్టుకున్నాడు.

కిరణ్: మరి గోల్కొండ అన్న పేరెందుకు?

వసంత: డబ్బు మనది కాబట్టి! నిజాం సర్కారులో సర్ అక్బర్ హైదరీ ఉన్నాడు కదా, ఆయన చొరవతో హైదరాబాదు నుంచి లక్ష రూపాయలు వెళ్లాయి. ఆ కృతజ్ఞతతో ఆశ్రమం నడిపిన మదర్ పెట్టిన పేరు. ఇంకో మాట. ఆ పేరు తెలుగులో రాయి, ‘ల’ కింద ‘క’ వత్తు వస్తుంది. బోర్డు రాసేవాళ్లు ఇంగ్లిషుకి ఎంత ఎత్తు ఇస్తారో తెలుగుకీ అంతే ఇస్తారు. పైన గుడి, కింద వత్తు, అన్నీ అందులోనే ఇరుక్కోవాలి. దాంతో అసలు అక్షరం బక్కచిక్కిపోతుంది.

కిరణ్: వత్తులు వచ్చేశాయి. రెండో నిమిషం.

వసంత: వస్తాయి మరి. చెప్పాల్సిన విషయం అది. భవనం దగ్గరికి వద్దాం. దానికి అద్దాల కిటికీలు లేవు. కిటికీలు ఉండాల్సిన గోడంతా అడ్డంగా పేర్చిన లూవర్లు. సిమెంటు రేకు ఉంటుందే, ఆ పదార్థంతో చేసిన పొడవాటి పలకలు. ఇత్తడి పిడి తిప్పితే తెరుచుకుంటాయి, మూసుకుంటాయి. గదులన్నీ దక్షిణం వైపు ఒకే వరస. ఉత్తరం వైపు పొడవునా వసారా. గదికీ వసారాకీ మధ్య జరిపే టేకు తలుపులు, వాటికీ సందులే. తలుపు వేసుకున్నా గాలి ఇటు నుంచి అటు పోతూనే ఉంటుంది. పైకప్పు మీద ఇంకో పొర, వంపు తిరిగిన కాంక్రీటు పెంకులు. ఎండ వాటి మీద పడుతుంది, మధ్యలో గాలి ఆడుతుంది, కింద గది చల్లగా ఉంటుంది. ఇదంతా కాగితం మీదే తేల్చుకుని కట్టారు కిరణ్!

కిరణ్: బాగుంది. కానీ ఒకటి అడుగుతా, కోపం తెచ్చుకోవద్దు.

వసంత: అడుగు.

కిరణ్: అది ఆశ్రమం. అక్కడుండేవాళ్లు దాన్ని రోజూ తుడుచుకుంటారు, పిడి ఊడితే బిగిస్తారు. మియాపూర్‌లో మా అమ్మ ఫ్లాట్‌కి ఆ లూవర్లు పెట్టు. పక్కనే ఇంకో టవరు లేస్తోంది. సాయంత్రానికి పలక మీద వేలితో పేరు రాయొచ్చు. దోమల సంగతి సరేసరి. అన్ని పలకలు రోజూ ఎవరు తుడుస్తారు? అమ్మేగా?

వసంత: దోమలకి మెష్ కొట్టించుకోవచ్చు.

కిరణ్: మెష్ కొడితే గాలి తగ్గుతుంది. నీ భవనమే గాలి మీద నిలబడింది.

వసంత: ఇప్పుడు మీ అమ్మగారి ఫ్లాట్లో ఏముంది? పడమర వైపు ఈ చివర నుంచి ఆ చివర దాకా అద్దం. మధ్యాహ్నం రెండింటికి ఏసీ వేయకుండా ఆ హాల్లో కూర్చోగలరా? ఆ కరెంటు బిల్లు కూడా అమ్మగారేగా కట్టేది? తుడిచే కష్టం లెక్కలో వేసినప్పుడు ఇదీ వేయాలి.

కిరణ్: వేస్తా. అయినా నా ప్రశ్న అలాగే ఉంది. చూసుకునే మనుషులు ఉన్నారు కాబట్టి ఆ భవనం నిలిచింది. దాని గొప్పతనమంతా రేమండ్ ఖాతాలో రాసేస్తే ఎలా?

వసంత: నేను ఆయన ఒక్కడి ఖాతాలో రాయట్లేదే! సైటు మీద ఉన్నది జార్జ్ నకషిమా. తర్వాత అమెరికాలో చెక్క సామాన్లకి అంత పేరు తెచ్చుకున్నది ఆయనే. రేమండ్ ఆఫీసు ఉద్యోగిగా పుదుచ్చేరి వచ్చి, ఆశ్రమంలో చేరిపోయి, జీతం వద్దన్నాడు. అరవిందులు ఆయనకి సుందరానంద అని పేరు పెట్టారు. ఇంకొకాయన ఫ్రాంతిషెక్ సామర్, పేరున్న ఆర్కిటెక్టు లె కొర్బూజియే దగ్గర పనిచేసి వచ్చినవాడు. కట్టిన పనివాళ్లలో సాధకులూ ఉన్నారు. పిడులకీ బోల్టులకీ ఇత్తడి కావలిస్తే ఆశ్రమంలో పాత ఇత్తడి పాత్రలు కరిగించి పోత పోశారు. కట్టిన చేతులే చూసుకుంటున్నాయి, నువ్వన్నది అదే కదా? డిజైన్ అంటే నాకు అదే. చూసుకోవాలని మనిషికి అనిపించేట్టు కట్టడం.

కిరణ్: అనిపించాలంటే ముందు తీరిక ఉండాలి అక్కా.

వసంత: [కాసేపు ఆగి] ఉండాలి. అందుకే అపార్ట్‌మెంట్లకి అదే నమూనా తెచ్చి అతికించమనట్లేదు. ఎండ ఎటు, గాలి ఎటు అని తేల్చుకున్నాకే గోడ గీయండి అంటున్నా. మన ఊళ్లో ముందు ఎలివేషన్, అంటే బయటి రూపు, గీస్తున్నారు, గాలి సంగతి ఏసీవాడికి వదిలేస్తున్నారు.

కిరణ్: ఆ మాటకి నేనూ సరే. కానీ అదే కాలంలో హైదరాబాదులో ఏం కట్టారు? ఉస్మానియా ఆర్ట్స్ కాలేజీ. 1939లో తెరిచారు.

వసంత: బెల్జియం ఆర్కిటెక్టు, ఎర్నెస్ట్ జాస్పర్.

కిరణ్: దాన్ని పాతకాలపుది అంటే మాత్రం ఊరుకోను. ఆ గోడల మందం చూడు. మే నెలలో లోపల అడుగు పెడితే తెలుస్తుంది. లూవర్లు లేకుండానే చల్లదనం.

వసంత: నేనెప్పుడన్నాను? నాకు ఆశ్చర్యం వేరే. రెండింటి వెనకా ఒకటే ఖజానా. ఒకచోట రాతి కమానులు, ఇంకోచోట పూత లేని కాంక్రీటు. ఆ రెంటినీ పక్కపక్కన పెట్టి మన ఆర్కిటెక్చర్ విద్యార్థులకి పాఠం చెప్పాలి. కొర్బూజియే ఛండీగఢ్ గురించి గంటలు గంటలు చెబుతారు. అది 1950ల నాటిది! దానికి పదేళ్ల ముందే, మన డబ్బుతో...

కిరణ్: గొంతు పెరుగుతోంది. మైకు కాస్త దూరం జరుపు.

వసంత: జరిపాను. పెరగాల్సిన విషయమే ఇది.

కిరణ్: పది నిమిషాలు ఎప్పుడో దాటాయి. అక్షరం. త్వరగా.

వసంత: అక్షరం అంటే బాపు గారు. ఆయన చేతిరాత ఫాంట్ అయింది, పెళ్లిపత్రిక నుంచి ఫ్లెక్సీ దాకా ఎక్కింది. బొమ్మ గీసిన కుంచెతోనే అక్షరం రాసేవారు కాబట్టి రెండూ ఒకే ఇంటివాళ్లలా ఉంటాయి. తర్వాత అమెరికా తెలుగువాళ్ల సంస్థ సిలికానాంధ్ర పూనుకుని ఉచితంగా ఇచ్చిన ఫాంట్లు. పెద్దన, తిమ్మన, సూరన్న, ధూర్జటి. గూగుల్ ఫాంట్లలో ఎవరైనా దించుకోవచ్చు. దించుకున్నాక దయచేసి వరసల మధ్య జాగా పెంచండి. ‘స్త్రీ’ అని రాసి చూడండి. పైన గుడిదీర్ఘం, కింద రెండు వత్తులు. ఇంగ్లిషుకి సరిపోయే జాగా దానికి ఎలా సరిపోతుంది?

కిరణ్: వత్తులు రెండోసారి. ఇక ట్యూన్ సంగతి నేను చెప్తా. ఆకాశవాణి పొద్దున్నే మొదలయ్యే ముందు వచ్చేది. తంబురా శ్రుతి మీద వయొలిన్. 1936లో కట్టింది వాల్టర్ కౌఫ్‌మన్. యూదుడు, హిట్లర్ కాలంలో ఐరోపా వదిలి బొంబాయి వచ్చాడు. వయొలిన్ మెహ్లీ మెహతా, ఆర్కెస్ట్రా కండక్టర్ జుబిన్ మెహతా వాళ్ల నాన్న. శివరంజని ఛాయ ఉంటుంది. ఆ రాగం అనగానే మనకి ఏడుపు పాటలే గుర్తొస్తాయి. ఇందులో ఏడుపు లేదు. నిద్ర లేచే హాయి ఉంది.

వసంత: కౌఫ్‌మన్ ఏ ఊరివాడు?

కిరణ్: కార్ల్స్‌బాద్. ఇప్పటి కార్లోవీ వారీ.

వసంత: చెక్ దేశమేగా! రేమండ్, సామర్, కౌఫ్‌మన్, ముగ్గురూ అటువాళ్లే. ఆ కొద్ది ఏళ్లలోనే ఒకాయన బొంబాయిలో మన దేశానికి పొద్దుటి శబ్దం కడుతున్నాడు, మిగతా ఇద్దరూ పుదుచ్చేరిలో గది కడుతున్నారు. కిరణ్, దీని మీద ఇంకో ఎపిసోడ్ చేయాలి.

కిరణ్: చేద్దాం. ముందు నాకో సంగతి తేలాలి. ఆ ట్యూన్‌లో శ్రుతికీ వయొలిన్‌కీ మధ్య ఖాళీ ఉంటుంది చూడు, ఇప్పటి పాడ్‌కాస్ట్ ట్యూన్లలో అది లేదు. మన ట్యూన్‌లోనూ లేదు. ఆ డ్రమ్స్ తీసేద్దామా?

వసంత: తీసెయ్. కవర్ బొమ్మ కూడా మార్చాలి, మన పేరులో వత్తు కింది గీతకి తగులుతోంది.

కిరణ్: మూడు! అక్కా, స్టూడియోవాళ్లు తలుపు కొడుతున్నారు.

వసంత: ఒక్క నిమిషం ఆగమను, ఆ వత్తు ఎంత కిందికి దిగాలంటే...