జీతం కన్నా ముందు నాగాల సంగతి

శ్రోతలకు నమస్కారం.

హన్మకొండలో ఇల్లు మారినవాళ్లు గ్యాస్ కనెక్షన్ తర్వాత వెతుక్కునేది పనామెనే. కింద వాచ్‌మన్‌ను అడుగుతారు. మూలమీది కిరాణా కొట్టులో చెప్పి ఉంచుతారు. ఎదురింటామె బట్టలు ఆరేస్తుంటే పలకరించి, "మీ ఇంట్లో చేసే ఆమె ఇంకో ఇల్లు పట్టుకుంటదా?" అంటారు. నాలుగు రోజుల్లో ఎవరో ఒకరు వస్తారు. గుమ్మం దగ్గరే బేరం మొదలవుతుంది. "అంట్లు, ఊడ్చుడు, తుడుచుడు. ఎంత తీసుకుంటవమ్మా?" "మీరే చెప్పుండ్రి అక్కా." ఈమె ఒక అంకె చెబుతుంది, ఆమె ఇంకో అంకె చెబుతుంది, మధ్యలో ఎక్కడో తెగుతుంది. "రేపట్నుంచి రా" అనడంతో మాటలు అయిపోతాయి.

నెలకు ఎన్ని రోజులు రాకపోవచ్చు, రాని రోజుకు జీతం కోస్తారా కోయరా అన్నది మాత్రం అక్కడ ఎవరూ ఎత్తరు. మా వీధిలో, మా చుట్టాల ఇళ్లల్లో నేను చూసినంతలో, జీతం చాలదని పని మానినవాళ్లు కొందరే. ఎక్కువగా నాగాల దగ్గరే చెడింది. మూడు రోజులు రాలేదని ఈమె కోపం, ముప్పై రోజుల కష్టంలో మూడు రోజులది కోసిందని ఆమె కోపం. అందుకే పనికి పెట్టుకునేవాళ్లకైనా, ఈ పనిలోకి కొత్తగా వచ్చే ఆడవాళ్లకైనా నేను చెప్పేది ఒకటే. జీతం మాట్లాడేముందు నాగాలు మాట్లాడుకోండి.

మన వైపు నాగాలు చాలావరకు ముందే తెలిసినవి. వానాకాలం నాట్లు పడే జులై, ఆగస్టు నెలల్లో, ఊరిలో సొంత పొలమో కౌలు పొలమో ఉన్న ఆమె వారం పది రోజులు కనపడదు. పొలం లేకపోయినా గుత్తకు నాట్లేసే గుంపులో చేరితే నాలుగు డబ్బులు ఒకేసారి చేతికొస్తాయి. దసరా దాటగానే పత్తి ఏరుడు. దానికి కిలో లెక్కన ఇస్తారు కాబట్టి చేతి వేగం ఉన్న ఆమె ఆ రోజుల్లో ఊరికే పోతుంది. బతుకమ్మకు తల్లిగారింటికి వెళ్లడం ఎలాగూ ఉంటుంది. ఇక రెండేళ్లకోసారి మేడారం జాతర. అప్పుడే అసలు చిక్కు. ఎక్కడెక్కడి చుట్టాలో మొక్కులకు పోతూ మన ఇంట్లో దిగుతారు, అంట్లు మూడింతలవుతాయి. పనామెకూ సమ్మక్క సారలమ్మల మొక్కు ఉంటుంది, తన బరువుకు సరిపడా ఎత్తు బెల్లం ఒప్పుకుని ఉంటుంది. ఆమెను ఆపడానికి మనసొప్పదు, ఆపకపోతే నడుం ఒప్పదు! పనిలో చేరే రోజే అడిగితే, "నాట్లకు పది రోజులు పోతా అక్కా, అప్పుడు మా తోటికోడలు వస్తది" అని ఆమే దారి చూపిస్తుంది.

చెప్పకుండా వచ్చే నాగాలూ ఉంటాయి. పిల్లకు జ్వరం, ఇంట్లో చావు, తనకే నడుం పట్టేయడం. వీటి కోసం నెలకు రెండు రోజులు జీతంతో సెలవు మొదటే ఇచ్చేయాలని నా అభిప్రాయం. ఉద్యోగం చేసే మనం ఆదివారం పోను రెండో శనివారం కూడా లెక్కపెట్టుకుంటాం. అంట్లు తోమే ఆమెకు ఆదివారమే పని ఎక్కువ, ఆ రోజే అందరిళ్లల్లో కోడికూర కదా. సెలవిస్తే అలుసు తీసుకుంటారని అనేవాళ్లున్నారు. నేను చూసింది వేరు. రెండు రోజులు తనవేనని తెలిసిన ఆమె ముందు రోజే చెప్పి మానేస్తుంది. కోత పడుతుందని భయపడే ఆమె ఫోన్ స్విచ్ఛాఫ్ చేస్తుంది.

ఇది ఇంటివాళ్లు, పనామె తమలో తాము తేల్చుకోవాల్సిందే. ఇంటి పనివాళ్లకు వారానికి ఏకబిగిన కనీసం 24 గంటల విశ్రాంతి ఉండాలని అంతర్జాతీయ కార్మిక సంస్థ 2011లో చేసిన 189వ ఒప్పందం చెబుతుంది. మన దేశం దాన్ని ధ్రువీకరించలేదు. ఇంటి పనివాళ్ల హక్కులకు చట్టం ఎలా ఉండాలో చూడడానికి నిపుణుల కమిటీ వేయమని సుప్రీంకోర్టు 2025 జనవరి 29న కేంద్రానికి చెప్పింది. అదంతా తేలేదాకా గుమ్మం దగ్గర అనుకున్న మాటే గతి.

ఇక జీతం. మనం నెలకు ఇంతని మాట్లాడుకుంటాం కాబట్టి గంటకు ఎంత పడుతోందో ఇద్దరికీ తెలియదు. ఉదాహరణకు ఒకింట్లో అంట్లు, ఊడ్వడం, తడిబట్ట పెట్టడం, అన్నీ కలిపి నెలకు 2,500 అనుకుందాం. రోజుకు గంటన్నర పడుతుంది. ముప్పై రోజులకు 45 గంటలు. గంటకు 55 రూపాయల చిల్లర. నెలకు 2,500 అంటే "అమ్మో" అనిపించే మనకు గంటకు 55 అంటే ఎలా అనిపిస్తుంది? సాయంత్రం ఒక ప్లేట్ మిర్చీ బజ్జీ, రెండు చాయలకు అంత పెడుతున్నాం. నేను జీతం ఇంత ఇవ్వాలని చెప్పడం లేదు. నయీంనగర్‌లో ఒక తీరు ఉంటుంది, కాజీపేటలో ఒక తీరు ఉంటుంది. గంటల్లోకి మార్చి చూసుకోమంటున్నాను. ఇంట్లో నలుగురు ఉన్నప్పుడు మాట్లాడిన జీతానికే ఏడుగురి అంట్లు తోమించుకుంటుంటే ఈ లెక్కలో వెంటనే దొరికిపోతాం.

కొత్తగా పని మొదలుపెట్టే అక్కాచెల్లెళ్లకు ఈ లెక్క ఇంకా అవసరం. ఇల్లు చూడకుండా జీతం చెప్పకండి. ఎన్ని గదులు, ఎన్ని బాత్‌రూములు, ఎంతమంది ఉంటారు, అంట్లు ఒక పూటా రెండు పూటలా, బట్టలు చేతితోనా మిషన్‌లోనా, అన్నీ అడగండి. అడిగితే ఏమనుకుంటారో అని మొహమాటపడితే, పదిహేను రోజుల తర్వాత "ఆ బాల్కనీ కూడా కొంచెం" అనే మాట వచ్చినప్పుడు కాదనలేరు. ఒకే గల్లీలో, వీలైతే ఒకే అపార్టుమెంటులో ఇళ్లు చూసుకోండి. సుబేదారిలో ఒకటి, హంటర్ రోడ్డులో ఒకటి పట్టుకుంటే నడకకే గంట పోతుంది, దానికి ఎవరూ జీతమివ్వరు. 2023 డిసెంబరు 9 నుంచి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్లకు టికెట్ ఉచితం కాబట్టి ధర్మసాగర్, హసన్‌పర్తి వైపు నుంచి వచ్చేవాళ్లకు చార్జీల బాధ తగ్గింది. బస్సు టైమ్ మాత్రం మన చేతిలో ఉండదు. "ఏడింటికి వస్తా" అని ఒప్పుకునే ముందు ఆ వేళకు దిగే బస్సు ఉందో లేదో చూసుకోండి. పొద్దున నల్లా వచ్చే గంటలోనే బాసన్లు తోమాలనే ఇళ్లు ఉంటాయి, అక్కడ అరగంట ఆలస్యమైనా రోజూ గొడవే.

జీతం ఏ తారీఖుకు ఇస్తారో అడగండి. ఫోన్‌పేలో వేస్తామంటే మీ నంబరుకే వేయించుకోండి. భర్త నంబరుకో కొడుకు నంబరుకో వద్దు. కారణం నేను విడమరచి చెప్పనక్కర్లేదు. నాగాల లెక్క ఇంటివాళ్ల గోడ క్యాలెండర్ మీద గుండ్రాలు చుట్టి ఉంటుంది, మీరూ మీ ఇంట్లో ఒక క్యాలెండర్ మీద పెట్టుకోండి. అడ్వాన్స్ తీసుకుంటే నెలకు ఎంత కోయాలో తీసుకున్న రోజే అనుకోండి.

మొదటి రోజు ఇంటివాళ్లు చేయాల్సిన పని ఒకటుంది. ఆమెతో పాటు ఇల్లంతా ఒకసారి తిరగడం. పూజ గదిలో ఏ బట్ట వాడాలి, ఏ షెల్ఫ్ ముట్టుకోవద్దు అన్నవి రెండు నిమిషాల్లో అయిపోతాయి. నేల గురించి మాత్రం నిలబడి చెప్పాలి. మన పాత ఇళ్లల్లో షాబాద్ బండలు, తాండూరు బండలు ఎక్కువ. రెండూ సున్నపురాయి జాతివే. బాత్‌రూమ్ కడిగే యాసిడ్ వాటిమీద పడితే నురగ వస్తుంది. నురగ వచ్చిందంటే రాయి కరిగిపోతున్నట్టే. నున్నగా ఉన్న చోట తెల్లగా, గరుకుగా మచ్చ మిగిలి, ఎంత తుడిచినా పోదు. పాలరాయీ అంతే, మొజాయిక్ కూడా అంతే. బోరు నీళ్ల ఉప్పు మరకలు పోవాలని నిమ్మకాయో వెనిగరో కుళాయిల మీద రుద్దితే పర్వాలేదు గానీ ఈ బండల మీద అవీ పనికిరావు. వాటికి నీళ్లలో కొద్దిగా సబ్బు చాలు. ఈ ముక్క చెప్పకుండా సీసా చేతిలో పెట్టి, తర్వాత బండ పాడుచేసిందని జీతంలో కోసినవాళ్లను చూశాను. అది అన్యాయం.

దీనికన్నా ప్రమాదమైనది ఇంకోటుంది. బ్లీచింగ్ పౌడర్ చల్లిన చోట యాసిడ్‌గానీ టాయిలెట్ క్లీనర్‌గానీ పోయకూడదు. రెండూ కలిస్తే క్లోరిన్ గ్యాస్ పుడుతుంది. కిటికీ లేని చిన్న బాత్‌రూములో అది ఊపిరితిత్తులను పట్టేస్తుంది. రెండూ వేస్తే రెండింతలు శుభ్రం అనుకునే అలవాటు ఇంటివాళ్లలోనే ఎక్కువ, పనామె చెప్పినట్టు చేస్తుంది. ఘాటుగా వాసన వచ్చి కళ్లు మండితే ఎక్కడిదక్కడ వదిలేసి బయటికి వచ్చేయాలి. తలుపులు తీసి ఉంచాలి. ఊపిరి ఆడకపోయినా, దగ్గు ఆగకపోయినా ఆసుపత్రికి తీసుకెళ్లాలి. రబ్బరు గ్లౌజులు ఇంటివాళ్లే కొనివ్వాలి. దసరా ముందు బూజు దులిపేటప్పుడు కదిలే స్టూలు మీద ఎక్కించడం, నాలుగో అంతస్తు కిటికీ అంచు మీద నిలబెట్టి అద్దాలు తుడిపించడం, వీటికి ఒప్పుకోకపోవడం ఆమె తప్పు కాదు.

"మా ఇంటి మనిషిలాగే చూసుకుంటాం" అనే మాట చాలా ఇళ్లల్లో వింటాం. అదే ఇంట్లో ఆమెకని ఒక స్టీలు గ్లాసు నల్లా పక్కన విడిగా ఉంటుంది. ఆమె కడిగిన బాత్‌రూమును ఆమె వాడుకోకూడదు. నాలుగిళ్లు తిరిగే మనిషి పొద్దుటి నుంచి ఎక్కడికి పోవాలి? ఇంటి మనిషి అనకపోయినా ఫర్వాలేదు, ఈ రెండూ సరిచేస్తే చాలు. దసరాకు చీర పెట్టడం మంచిదే, ఇనామూ మంచిదే. వాటిని చూపించి జీతం పెంచకుండా ఏళ్లు గడపడం మాత్రం మంచిది కాదు.

వస్తువు కనపడకపోతే ముందు మనమే వెతుక్కోవాలి. చాలాసార్లు బీరువాలో మనం పెట్టిన చోటే ఉంటుంది. ఆమె సంచీ, కొంగు వెతికే అధికారం మనకు లేదు. అనుమానం గట్టిదైతే పోలీస్ స్టేషన్‌కు పోవాలి. అలాగే ఆమెకు ఒంట్లో బాగాలేదని పదేళ్ల కూతురిని పంపితే, పిల్ల చేతికి చీపురు ఇవ్వకండి. పద్నాలుగేళ్లలోపు పిల్లలతో ఇంటి పని చేయించడం 2006 అక్టోబరు 10 నుంచి నిషేధం. ఆ రోజుకు అంట్లు మనమే తోముకుందాం.

ఆడవాళ్లు అడగడానికి సంకోచించే సంగతి ఒకటి. పనిచేసే ఇంట్లో మగవాళ్లు అసభ్యంగా ప్రవర్తిస్తే ఏం చేయాలి? పని స్థలంలో లైంగిక వేధింపులపై 2013లో వచ్చిన చట్టం ఇంటిని కూడా పని స్థలంగానే చూస్తుంది. జిల్లాలో ఉండే స్థానిక కమిటీకి మూడు నెలల్లోపు ఫిర్యాదు చేయవచ్చు. 181 మహిళా హెల్ప్‌లైన్. నంబరు రాసుకోండి, పక్కింట్లో చేసే ఆమెకూ చెప్పండి.

చివరగా కార్డుల సంగతి. మన దగ్గర లేబర్ కార్డు అని పిలిచేది భవన నిర్మాణ కార్మికులది, ఇళ్లల్లో పనిచేసేవాళ్లది కాదు. ఇంటి పనివాళ్లు చేరాల్సింది ఈ-శ్రమ్‌లో, అంటే అసంఘటిత కార్మికుల పేర్లు నమోదు చేసే కేంద్రం పోర్టల్‌లో. ఇది 2021 ఆగస్టులో మొదలైంది. 16 నుంచి 59 ఏళ్ల మధ్య వయసు ఉండాలి. ఆధార్, దానితో జతైన ఫోన్ నంబరు, బ్యాంకు పాస్‌బుక్ ఉంటే 12 అంకెల నంబరు ఇస్తారు. నమోదుకు ఫీజు లేదు. 18 నుంచి 40 ఏళ్లలోపు వాళ్లకు శ్రమయోగి మాన్‌ధన్ పింఛను పథకం ఉంది. 29 ఏళ్ల ఆమె నెలకు 100 రూపాయలు కడితే కేంద్రం ఇంకో 100 కలుపుతుంది, 60 నిండాక నెలకు 3,000 వస్తుంది. పింఛనుకు ఇంకా టైమ్ ఉంది అనుకున్నా, బ్యాంకులో ప్రధానమంత్రి సురక్షా బీమా మాత్రం వెంటనే చేయించుకోండి. ఏడాదికి 20 రూపాయలే, ప్రమాదంలో ప్రాణం పోతే కుటుంబానికి 2 లక్షలు. ఆ 20 రూపాయలు జూన్ 1 లోపు ఖాతాలోంచి బ్యాంకువాళ్లే తీసుకుంటారు, మే నెలాఖరులో ఖాతా ఖాళీగా ఉంచకండి. ఫారం నింపడం రాకపోతే మీరు పనిచేసే ఇంట్లో చదువుకున్న పిల్లలుంటారు, వాళ్లను అడగండి.

నమస్కారం.