హైతీ వంట దినుసులు: ఎక్కడివి, ఎవరు తెచ్చారు

సభాధ్యక్షులకు, గ్రంథాలయ కార్యవర్గానికి, సంక్రాంతి పనుల నడుమ తీరిక చేసుకుని వచ్చిన మీ అందరికీ నమస్కారం. ప్రపంచ వంటకాల మీద అరగంట మాట్లాడమని కార్యదర్శిగారు అడిగారు. ప్రపంచమంతా చుట్టడానికి అరగంట చాలదు గనుక ఒక్క దేశపు వంటింటి గురించే మాట్లాడతానని ఆయనను ఒప్పించాను. ఆ దేశం కరీబియన్ సముద్రంలోని హైతీ.

వ్యవసాయ కళాశాలలో పప్పుధాన్యాల పాఠాలు చెప్పి విరమించిన తరువాత నేను, నా భార్య ఒక చలికాలం మయామిలో మా అమ్మాయి దగ్గర గడిపాము. జనవరి 1 ఉదయం పక్కింట్లో ఉండే హైతీ పెద్దావిడ మూత పెట్టిన గిన్నెతో మా గుమ్మంలోకి వచ్చారు. మా ఇంట్లో మాంసం వండరని తెలిసి, మా కోసం కూరగాయలతోనే విడిగా వండిన గుమ్మడి సూపు అది. దానిని వారు ‘సూప్ జుమూ’ అంటారు. మామూలుగా అందులో గొడ్డుమాంసం, తియ్య గుమ్మడి, క్యాబేజీ, బంగాళాదుంప, మకరోనీ, లవంగాలు, గుండ్రటి ఘాటైన మిరపకాయ ఒకటి పడతాయి. ఆనాడు తినకపోతే సంవత్సరం మొదలైనట్టే కాదని ఆవిడ అన్నారు.

కారణం తరువాత తెలుసుకున్నాను. ఫ్రెంచివారి ఏలుబడిలో ఆ దేశం పేరు సెయింట్ డొమింగ్. ఆఫ్రికా నుంచి బంధించి తెచ్చిన మనుషులు, వారి సంతానం కలిపి 1789 నాటికి దాదాపు 5 లక్షల మంది అక్కడి చెరకు, కాఫీ తోటల్లో బానిసలుగా ఉండేవారు. ఈ సూపును వండినది వారే, కానీ తినే హక్కు వారికి ఉండేది కాదని హైతీ ప్రజలు తరతరాలుగా చెప్పుకుంటున్నారు. పన్నెండేళ్లకు పైగా పోరాడి, నెపోలియన్ సైన్యాన్ని ఓడించి, 1804 జనవరి 1న గొనాయివ్ పట్టణంలో ఆ తిరుగుబాటు సేనాని డెస్సలీన్ స్వాతంత్ర్యం ప్రకటించాడు. అప్పటి నుంచి ఏటా ఆ రోజున ప్రతి ఇంట్లో అదే సూపు వండి, ఇరుగుపొరుగుకు పంచి, కడుపునిండా తింటారు. 2021లో యునెస్కో తన సాంస్కృతిక వారసత్వ జాబితాలో చేర్చుకున్న మొట్టమొదటి హైతీ సంప్రదాయం ఇదే.

ఈ సభలో కందిపప్పు ఎరుగని వారు ఉండరు. మర్యాదకు బదులుగా మా ఆవిడ పచ్చి కందిగింజలతో కూర చేసి ఇస్తే, పక్కింటావిడ మూత తీసి చూసి ‘ప్వా కోంగో’ అన్నారు. అంటే కాంగో గింజ. తమ పూర్వీకులతో పాటు ఆఫ్రికా నుంచి వచ్చిందని, అన్నంలో వేసి వండుకుంటామని చెప్పారు. కంది పుట్టింది మన దేశంలో, దాని అడవి చుట్టం నేటికీ మన తూర్పు కనుమల్లోనూ బస్తరులోనూ పెరుగుతోందని నేను ముప్పై ఏళ్లు పాఠం చెప్పినవాడిని. అయినా ఆవిడ మాటను దిద్దాలని నాకు అనిపించలేదు. ఇక్కడి గింజ ఆఫ్రికాకు చేరి, అక్కడి రైతుల చేతుల్లో శతాబ్దాలు పండి, బానిసల వ్యాపారంతో పాటు సముద్రం దాటింది. ఆవిడ వాళ్లకు అది కాంగో నుంచి వచ్చిన గింజే.

గుమ్మడి సంగతి దీనికి తలకిందులు. బూడిద గుమ్మడి ఆసియాది, కానీ మనం దప్పళంలో వేసే తియ్య గుమ్మడి, మిరపకాయతో పాటు అమెరికా ఖండాల నుంచి మన దగ్గరకు వచ్చినదే.

ఇక హైతీ నేలకు తొలి వంట నేర్పిన వారు అక్కడి ఆదివాసులైన టైనోలు. విషం ఉండే కర్రపెండలాన్ని తురిమి, రసం పిండి తీసేసి, పెనం మీద రొట్టెగా కాల్చే విద్య వారిది. స్పెయిన్ తరఫున కొలంబస్ అక్కడ అడుగుపెట్టిన 1492 తరువాత కొన్ని దశాబ్దాలలోనే రోగాలు, వెట్టిచాకిరీ ఆ జనాన్ని దాదాపు తుడిచిపెట్టాయి. ఆ రొట్టె మాత్రం ‘కసావ్’ అన్న పేరుతో నేటికీ కాలుతూనే ఉంది. స్పెయిన్ వారు పందులను, పుల్లనారింజను తెచ్చారు. అరటి ఆసియాలో పుట్టి ఆఫ్రికా మీదుగా వచ్చింది. దుంప తురుముతో వేసే ‘అక్రా’ బజ్జీకి పేరు పశ్చిమ ఆఫ్రికాది.

ఇదంతా చెప్పి, ఇది మూడు ఖండాల రుచుల సంగమమని మెచ్చుకుని చాలా వంట పుస్తకాలు ఊరుకుంటాయి. ఆ మాట నాకు మింగుడు పడదు. నదులు తమంత తాము కలుస్తాయి. ఈ మనుషులను మాత్రం ఎవరూ అడిగి తీసుకురాలేదు. పైగా దినుసుల పుట్టుక అనగానే అందరూ 1492 దగ్గర మొదలుపెట్టి 1804 దగ్గర ఆపేస్తారు. నిన్నమొన్నటి తేదీలు కూడా చెప్పాలని నా పట్టుదల.

పంది సంగతి తీసుకోండి. పుల్లనారింజ రసంలో నానబెట్టి, ఉడికించి, నూనెలో వేయించిన పంది మాంసం ‘గ్రియో’. దాని పక్కన క్యాబేజీ, క్యారెట్, మిరపకాయలను వెనిగర్‌లో ఊరవేసిన ‘పిక్లిజ్’ లేకపోతే అది విందే కాదు. స్పెయిన్ వారి పందుల సంతతి ఐదు శతాబ్దాలలో ఆ కొండలకు అలవాటు పడి చిన్న నల్ల క్రియోల్ పందిగా మారింది. అది పొలం చెత్త తిని బతికేది, రైతుకు బ్యాంకు అదే. పిల్లల బడి ఫీజుకైనా, పెళ్లికైనా, చావుకైనా ఒక పందిని అమ్మేవారు. 1791 ఆగస్టులో బ్వా కైమాన్ అడవిలో తిరుగుబాటుకు ప్రమాణం చేసినప్పుడు బలి ఇచ్చినది నల్ల పందినే అని చెబుతారు. 1978లో ఆఫ్రికన్ పందుల జ్వరం ఆ దీవికి సోకింది. అది తమ దేశానికి పాకుతుందన్న భయంతో అమెరికా పట్టుబట్టి డబ్బు సమకూర్చగా, 1983 నాటికి క్రియోల్ పందులను దాదాపు మొత్తంగా చంపేశారు. బదులుగా ఇచ్చిన అమెరికా పందులకు సిమెంటు నేల, కొన్న దాణా, శుభ్రమైన నీరు కావాలి. తమకే దక్కని వసతులు అడిగే ఆ జంతువులను రైతులు ‘నాలుగు కాళ్ల రాకుమారులు’ అన్నారు.

ఈ మాట దగ్గర నేను ప్రతిసారీ ఆగిపోతాను, మన్నించండి. ఇంట్లో ఒక్క గేదె ఉన్న రైతు ఇంట పుట్టినవాడిని నేను. ఈ సభలో పాడి ఇళ్లలో పుట్టినవారు ఒక్కసారి తలచుకోండి: ఒక్క ఏడాదిలో ఊళ్లోని గేదెలన్నిటినీ ప్రభుత్వమే తోలుకుపోయి చంపితే, ఆ మరుసటి జూన్‌లో పిల్లలను బడికి ఎవరు పంపగలరు?

తరువాతిది బియ్యం. ఆఫ్రికా మనుషులకు వరి కొత్త కాదు. ఆర్టిబోనిట్ లోయలో పండిన వడ్లే 1980ల వరకు ఆ దేశానికి ప్రధానంగా అన్నం పెట్టాయి. 1995లో బియ్యం మీద దిగుమతి సుంకాన్ని 3 శాతానికి తగ్గించారు. సొంత ప్రభుత్వపు రాయితీలతో పండిన అమెరికా బియ్యం వచ్చి పడ్డాయి. ప్రజలు వాటిని ‘మయామి బియ్యం’ అన్నారు. చౌకగా ఉన్నాయి కనుక కొన్నారు, లోయలోని రైతు కుదేలయ్యాడు. 2010 జనవరి భూకంపం తరువాత, మార్చిలో, 1995లో అమెరికా అధ్యక్షుడిగా ఉన్న బిల్ క్లింటన్ ఆ దేశపు సెనేట్ సంఘం ముందు, ఆ విధానం తన సొంత రాష్ట్రమైన అర్కాన్సా రైతులలో కొందరికి మేలు చేసిందేమో గానీ అది పొరపాటని ఒప్పుకున్నారు. ఒప్పుకున్నంత మాత్రాన ఆ సుంకం తిరిగి పాత స్థాయికి చేరలేదు.

నల్ల పుట్టగొడుగుల అన్నం గురించి వివరంగా చెప్పాలని రాసుకుని వచ్చాను, సమయం అయిపోయింది. దానిని ‘దిరి జోన్‌జోన్’ అంటారు. హైతీ ఉత్తరాన దొరికే చిన్న పుట్టగొడుగులను ఎండబెట్టి, వేడినీళ్లలో నానబెట్టి, వడగట్టి, ఆ నల్లటి నీళ్లలోనే బియ్యం ఉడికిస్తారు. పక్కింటావిడకు ఆ ఎండు పుట్టగొడుగుల పొట్లం స్వదేశంలోని చెల్లెలు పంపేవారట. ఆ చెల్లెలు అక్కడ హైతీలో, తన సొంత పొయ్యి మీద, ఆ నల్ల నీళ్లలో పోసేవి మాత్రం అమెరికా బియ్యమే.