లూసర్న్ విత్తనం మన మడిలోనే పండిద్దాం

సర్పంచ్ గారికి, పాల సంఘం పెద్దలకు, పనులు మానుకుని వచ్చిన అక్కలకు, అన్నలకు నమస్కారం. లూసర్న్ అనే పశుగ్రాసపు పైరుతో ఎండుమేత చేయడం గురించి చెప్పమన్నారు. చెప్తాను.

పైరులో పదో వంతు పూత కనబడగానే కోయండి. మొదటి కోత సుమారు రెండు నెలలకు, ఆపైన నెలకోసారి. మాంసకృత్తులు ఎక్కువగా ఉండేది ఆకులోనే. కోసి ఆరబెట్టిన మేతను మిట్టమధ్యాహ్నం తిరగేస్తే ఆకు రాలిపోయి ఆవుకు పుల్లలే మిగులుతాయి. పొద్దున్నే మంచు తడి ఉండగా తిరగేయండి. సరిగా ఆరకుండా కట్టలు కడితే లోపల వేడెక్కి బూజు పడుతుంది.

అది సరే, విత్తనం సంగతేంటి? నేను లేచింది అది అడగడానికే. దుకాణంలో కొన్న విత్తనం చల్లితే మా మడి నిండా పసుపు దారాలు అల్లుకున్నాయి. బంగారు తీగ! ఆకుండదు, పైరును పట్టుకున్నాక వేరూ ఉండదు, రసం పీల్చి బతుకుతుంది. అడిగితే "మీ నేలలోదే" అన్నాడు దుకాణదారు. మిగిలిన ప్యాకెట్ జల్లెడ పడితే లూసర్న్ గింజకన్నా సన్నటి, గరుకు గింజలు రాలాయి. అవి మా నేలలోంచి వచ్చాయా? చెప్పండన్నా! విత్తన ధ్రువీకరణ ప్రమాణాల్లోనే బంగారు తీగను లూసర్న్‌కు అభ్యంతరకరమైన కలుపు అని రాశారు. మా ప్యాకెట్‌కు ఆ ధ్రువీకరణ ట్యాగే లేదు. ఆ తీగ గింజ నేలలో పదేళ్లు దాటినా బతుకుతుంది. తీగ కనబడితే పూయకముందే పైరుతో సహా మొదలంటా కోసి కాల్చేయండి.

అందుకే అడుగుతున్నా, తీగ లేని మడిలో కొంత మూల విత్తనానికి వదలండి. చలికాలం చివర కోత ఆపి, నీళ్లు తగ్గించండి. ముప్పాతిక వంతు కాయలు గోధుమ రంగుకు తిరిగాక, పొద్దున చల్లటి వేళ కోయండి.

ఒక్క మాట, తేనెటీగలు, వాటిలాంటి అడవి ఈగలు లేకపోతే గింజ సరిగా పట్టదు. ఈగ వాలి నొక్కితేనే పువ్వులోని కేసరాలు ఎగిరి బయటపడతాయి. మామూలు తేనెటీగ చాలాసార్లు పక్కనుంచి దూరి తేనె తాగి పోతుంది. అమెరికాలో వాషింగ్టన్ రాష్ట్రం టూషీ లోయ రైతులు పువ్వును సరిగా నొక్కి తెరిచే, చవుడు నేలలో గూడు కట్టే అడవి ఈగల కోసం ఉప్పు నేలలు తయారుచేసి, తడి ఆరకుండా కాపాడతారు. బండ్లు మెల్లగా పోవాలని రోడ్డు పక్కన బోర్డులు పెట్టారు. మనం పూత మీద మందు కొట్టకుండా ఉండలేమా అక్కా?

విత్తనం ప్యాకెట్లు తెచ్చినవాళ్లు భోజనాలకు వెళ్లకముందే ఇటు రండి. జల్లెడ, భూతద్దం తెచ్చాను, ఇక్కడే విప్పి చూద్దాం.